కారా, రైలా, విమానమా: గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క

శ్రీకాకుళంలో కాపురం, పని మాత్రం ఊళ్లమీద. వారానికి ఒకటి రెండుసార్లు విశాఖ, నెలకు రెండుసార్లు విజయవాడ, ఎప్పుడైనా భువనేశ్వర్, హైదరాబాద్. కారు కొనాలా, విమానానికి పెట్టాలా, వందేభారత్ సరిపోతుందా, రేపు బుల్లెట్ రైలు వస్తే ఈ గొడవంతా తీరుతుందా అని అడిగారు. మీరు కట్టిన లెక్క కూడా చూశాను. దూరాన్ని వేగంతో భాగించి విజయవాడకు విమానం గంట, వందేభారత్ నాలుగు గంటలు, కారు ఏడు గంటలు అని రాశారు. భాగహారం సరిగ్గానే ఉంది. కాకపోతే అందులో బండి ఒక్కటే ఉంది, మీరు లేరు.

నేను ఆస్పత్రి ల్యాబుల్లో రక్తపరీక్షల యంత్రాలు బాగుచేసే సర్వీస్ ఇంజినీర్‌ని. ఇల్లు అరసవిల్లి దారిలో. ఇరవై నాలుగేళ్లుగా ఇవే రూట్లు. యంత్రం ఆగిపోతే ల్యాబువాళ్లు ఫోన్లో మొదట అడిగేది "ఎన్నింటికి వస్తారు?" అని. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పకుండా ఉండాలని నోటుబుక్కు పెట్టుకున్నాను. ఇంటికి తాళం వేసిన టైమ్ ఒక గడిలో, ల్యాబు తలుపు తోసిన టైమ్ ఇంకో గడిలో, మధ్యలో ఏమెక్కానో పక్కన. అలా మూడు నోటుబుక్కులు నిండాయి. మన ఊరి నుంచి బయలుదేరేవాడి ప్రయాణ సమయంలో బండి పరిగెత్తే భాగం అనుకున్నంత పెద్దది కాదని వాటిని చూస్తే తెలుస్తుంది. బండి దగ్గరికి చేరడం, దిగాక పని చోటికి చేరడం, తప్పిపోతే ఇంకోదాని కోసం కూర్చోవడం, గంటలన్నీ అక్కడే పోతున్నాయి.

మీరు ఎక్కువ తిరిగేది విశాఖకే కాబట్టి అక్కడ మొదలుపెడదాం. రోడ్డు మీద 110 కిలోమీటర్లు, రైలు దారిలో 130 వరకు. వందేభారత్‌కి ఇది రెండు గంటలలోపు పని. కానీ రైలు మన ఊళ్లో ఆగదు, ఆముదాలవలసలో ఆగుతుంది. స్టేషన్ పేరే 'శ్రీకాకుళం రోడ్'. 1890ల్లో ఈ లైను వేసినప్పుడు ఊరు పక్కకు ఉండిపోయింది. ఊరికి దూరంగా ఉన్న స్టేషన్లకు ఊరి పేరు వెనక 'రోడ్' అని తగిలించడం అప్పటి రైల్వేవాళ్ల అలవాటు. ఆ 13 కిలోమీటర్లకు మనం నూట ముప్పై ఏళ్లుగా సుంకం కడుతూనే ఉన్నాం. ప్యాసింజరు టికెట్టు కన్నా ఆముదాలవలసకు మాట్లాడుకున్న ఆటో ఖరీదు ఎక్కువ. ఇంతకన్నా ఏం చెప్పాలి?

నా నోటుబుక్కులో సాధారణంగా కనిపించే రైలు ప్రయాణం ఇది. ఇంటి నుంచి ఆటో పట్టుకుని ఆముదాలవలస చేరేసరికి 40 నిమిషాలు. బండి తప్పుతుందేమోనన్న భయానికి ఇంకో 20. ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటలు. విశాఖలో ప్లాట్‌ఫాం ఖాళీ లేక ఔటర్‌లో ఆపితే పావుగంట. స్టేషన్ బయటికొచ్చి ఆటో బేరమాడి మహారాణిపేట చేరడానికి అరగంట. మొత్తం మూడు గంటల నలభై ఐదు నిమిషాలు. అలా కాకుండా బస్టాండు కాంప్లెక్స్‌కి వెళ్లి ఆర్టీసీ నాన్‌స్టాప్ ఎక్కితే, ఇంటి నుంచి కాంప్లెక్స్ పావుగంట, బస్సు కోసం పది నిమిషాలు, బస్సులో రెండున్నర గంటలు, మద్దిలపాలెంలో దిగి ఆటోలో ఇరవై నిమిషాలు. మూడుంపావు గంటల్లో పని చోట ఉంటాను. సొంత కారులో అయితే పార్కింగ్ వెతుక్కోవడంతో కలిపి రెండుంముప్పావు. అంటే గంటకు 130 కిలోమీటర్లు పరిగెత్తగల రైలు, గంటకు ఎనభై దాటని బస్సు కన్నా నాకు ఆలస్యం.

విజయనగరంలో ఉన్న మా బావమరిది ఈ లెక్క ఒప్పుకోడు. ఆయనకు స్టేషన్ పది నిమిషాల దూరం, రైల్లో విశాఖ 61 కిలోమీటర్లు, గంట. పైగా రాయ్‌పూర్ లైను అక్కడే కలుస్తుంది కాబట్టి అటు నుంచి వచ్చే బండ్లు కూడా ఆయనకు దొరుకుతాయి. బస్సెక్కేవాణ్ణి చూస్తే ఆయనకు జాలి. ఏటా పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వెళ్లినప్పుడు మా ఇద్దరికీ దీనిమీద ఒక పూట వాదన. ఇద్దరం కరెక్టే. రెండు ఊళ్ల మధ్య డెబ్బై కిలోమీటర్లు కూడా లేవు గానీ ఆయన సమాధానం నాకు పనికిరాదు, నాది ఆయనకు పనికిరాదు. అందుకే హైదరాబాద్, బెంగళూరువాళ్లు రాసిన పోలికలు చదివి మీరు నిర్ణయం తీసుకోకండి.

ఇంకో మాట. బండ్ల మధ్య ఖాళీ ఎంతో చూడండి. పగలు విశాఖ నాన్‌స్టాప్‌లు ఒకటి పోతే ఇంకొకటి ఉంటాయి, నేను టైమ్ చూసుకుని బయలుదేరను. వందేభారత్ రోజుకు ఒక్కటే. 2024 మార్చిలో మొదలైన విశాఖ–భువనేశ్వర్ వందేభారత్ పొద్దున్నే భువనేశ్వర్‌లో బయలుదేరి పదకొండు ప్రాంతంలో విశాఖ చేరుతుంది, మధ్యాహ్నం మూడు దాటాక మళ్లీ వెనక్కి. శ్రీకాకుళం రోడ్‌లో, విజయనగరంలో ఆగుతుంది. టైములు మారుతుంటాయి, టికెట్టు తీసుకునే రోజు చూసుకోండి. విశాఖలో నాలుగు గంటల పని ఉన్నవాళ్లకు, ముఖ్యంగా పెద్దవాళ్లను డాక్టరుకు చూపించి తీసుకురావాల్సినవాళ్లకు ఇది చక్కని బండి. మా అమ్మను మోకాళ్ల పరీక్షలకు దీనిమీదే తీసుకెళ్లాను, బస్సులో కుదుపులకు ఆవిడ ఓర్చుకోలేదు. కానీ మీ మీటింగు ఐదుకు అయిపోతే ఆ బండి మీకు లేనట్టే.

కారు సంగతి. విశాఖకు కారే అన్నిటికన్నా త్వరగా చేరుస్తుందని నా లెక్కే చెబుతోంది కదా, మరి కొనేయమంటారా అంటే కొంచెం ఆగమంటాను. అందరూ పెట్రోలు ఒక్కటే లెక్కేస్తారు. లీటరు 110 రూపాయలు, లీటరుకు 16 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు ఏడు రూపాయలు. పది లక్షల కారు ఎనిమిదేళ్లలో లక్ష కిలోమీటర్లు తిప్పి మూడు లక్షలకు అమ్మారనుకోండి, ఏడు లక్షలు రోడ్డు మీద పోయాయి. కిలోమీటరుకు ఇంకో ఏడు. టైర్లు, సర్వీసింగు, ఇన్సూరెన్సు కలిపి రెండు రూపాయలు. మొత్తం పదహారు. విశాఖ వెళ్లిరావడం 220 కిలోమీటర్లు, అంటే మూడున్నర వేలు. జేబులోంచి ఆ రోజు పదిహేను వందలే పోతాయి కాబట్టి నొప్పి తెలియదు, మిగతాది అమ్మేరోజు తెలుస్తుంది. నలుగురు కలిసి వెళితే మనిషికి తొమ్మిది వందల లోపు, అప్పుడు కారు మంచి బేరమే. ఒక్కరే వెళ్లడానికి కాదు. కొంటే మాత్రం ఫాస్టాగ్ ఏడాది పాసు తీసుకోండి. 2025 ఆగస్టు 15న మొదలుపెట్టినప్పుడు సొంత వాహనాలకు మూడు వేల రూపాయలకు 200 సార్లు. నాతవలస టోల్ గేటు మీదుగా వారానికి రెండుసార్లు వెళ్లొచ్చేవాడికి ఆ లెక్కన గేటుకు పదిహేను రూపాయలు పడుతుంది.

డబ్బు కన్నా నాకు భయం వేరే. 2016లో టెక్కలిలో యంత్రం సరిచేసి రాత్రి పదకొండుకు ఒక్కణ్ణే తిరిగొస్తున్నాను. పొద్దున ఆరింటి నుంచి పనిలోనే ఉన్నాను. కోటబొమ్మాళి దాటాక ఒక్క క్షణం కన్ను మూతపడింది. తెరిచేసరికి ఎదురుగా గ్రానైటు దిమ్మలు వేసుకున్న లారీ, రోడ్డు పక్కకు సగం దిగి, వెనక ఒక్క లైటు లేకుండా ఆగి ఉంది. స్టీరింగు ఎలా తిప్పానో గుర్తులేదు, ఎడమ అద్దం మాత్రం ఊడిపోయింది. మర్నాటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. పని మీద వెళ్లిన రోజు రాత్రి తొమ్మిది తర్వాత స్టీరింగు పట్టుకోను, అక్కడే పడుకుంటాను. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. రైళ్లకు ప్రమాదాలు జరగవని కాదు. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు వెనక నుంచి గుద్దిన సంగతి మన రెండు జిల్లాలవాళ్లం మర్చిపోలేం. ఆ బండిలో నేను ఎన్నిసార్లు వచ్చానో. అయినా అలసిపోయిన మనిషికి రైలు సీటు, స్టీరింగు ముందు సీటు ఒకటి కావు. కారులో గడిపే ప్రతి గంటా డ్రైవరు ఉద్యోగమే, జీతం లేకుండా.

ఇక విజయవాడ. మూడు దారులూ నిజంగా పోటీ పడేది ఇక్కడే.

కారులో శ్రీకాకుళం నుంచి 460 కిలోమీటర్ల దాకా. విశాఖ ఊళ్లోకి వెళ్లకండి. ఆనందపురం దగ్గర పెందుర్తి వైపు తిరిగి సబ్బవరం మీదుగా అనకాపల్లి తేలే ఆరు లైన్ల రోడ్డు ఉంది. మధురవాడ, హనుమంతవాక, గాజువాక సిగ్నళ్లన్నీ తప్పుతాయి. తుని దగ్గర ఒక టిఫిను, రాజమండ్రి దాటాక ఒక టీ, ఎనిమిది గంటలు. మర్నాడు పనిచేసే ఓపిక ఉండదు.

విమానంలో గాల్లో ఉండేది గంట. మిగతాది చూడండి. విశాఖలో నౌకాదళం ఆవరణలో ఉన్న విమానాశ్రయం మనకు ఊరి అవతలి పక్క. ఊరంతా దాటుకుని చేరాలి, రెండున్నర గంటలు. నా టూల్ బ్యాగు క్యాబిన్‌లోకి ఒప్పుకోరు, స్క్రూడ్రైవర్లు రెంచీలు చెకిన్‌లోనే వేయాలి, ఆ కౌంటరు గంట ముందే మూస్తారు. ట్రాఫిక్ భయంతో కలిపి గంటన్నర ముందుంటాను. దిగాక బ్యాగు కోసం పావుగంట, గన్నవరం నుంచి బెజవాడ ఊళ్లోకి ముప్పావుగంట. కూడితే ఆరు గంటలు. కారు కన్నా రెండు గంటలు మిగిలాయి, అదీ విమానం టైముకి లేస్తే. ఒకసారి ఉదయం విమానం గంటకోసారి వాయిదా పడుతూ మధ్యాహ్నం రెండింటికి రద్దయింది. టికెట్టు డబ్బు తిరిగిచ్చారు. నేను శ్రీకాకుళం నుంచి పెట్టుకున్న టాక్సీ డబ్బు ఎవరిస్తారు? ఆరోజే మధ్యాహ్నం విజయవాడ వెళ్లే రత్నాచల్‌కి వెళ్లి నిలబడి ఉంటే రాత్రి ఏడుకల్లా బెజవాడలో ఉండేవాణ్ణి. మనసు మాత్రం "ఇంకో గంటలో ఎగురుతుందేమో" అంటుంది. విమానాశ్రయంలో మనిషిని ఆపేది ఆ ఆశే.

రైలు పగటిపూట ఎనిమిదిన్నర గంటలు, రెండు చివర్లు కలిపితే పది. పగటి రైలుకు ఓటు వేయను. కానీ రాత్రి బండి వేరు. భోంచేసి ఆముదాలవలసలో ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి విజయవాడ. హౌరా నుంచో భువనేశ్వర్ నుంచో సికింద్రాబాద్ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లు అలా దొరుకుతాయి. నిద్రపోయిన గంటలు నేను ప్రయాణం కింద రాయను. నా లెక్కలో ఆ ప్రయాణం గంటన్నర మాత్రమే, ఎక్కడానికి ముప్పావుగంట, దిగాక ముప్పావుగంట. హోటలు గది డబ్బు కూడా మిగులుతుంది. చిక్కేమిటంటే కొన్ని బండ్లు మరీ నాలుగింటికే బెజవాడలో దింపేస్తాయి. బండి లేటని తెలిస్తే నాకు సంతోషం కలిగే ప్రయాణం ఇదొక్కటే.

ఇటు నుంచి వెళ్లే బండ్లలో చాలా వాటికి విశాఖలో ఇంజను అటు నుంచి ఇటు మారుస్తారు. స్టేషన్ అలా కట్టారు, వచ్చిన దారినే వెనక్కి తిరిగి దువ్వాడ వైపు వెళ్లాలి. అక్కడ ఇరవై నిమిషాలు పోతాయి. కొన్ని బండ్లు విశాఖలోకి రాకుండా సింహాచలం ఉత్తరం నుంచి నేరుగా దువ్వాడకు తేలతాయి. టికెట్టు తీసేటప్పుడు ఆగే స్టేషన్లలో విశాఖ బదులు దువ్వాడ కనిపిస్తే అది ఆ రకం. మీకు విశాఖతో పని లేకపోతే అదే మేలు.

రిజర్వేషన్ గురించి మాత్రం ముందే ఆలోచించండి. 2024 నవంబరు నుంచి అరవై రోజుల ముందే తెరుస్తున్నారు. నెలకు రెండుసార్లు పక్కా అయితే తేదీలు రాసిపెట్టుకుని ఆ రోజు ఉదయమే తీసుకోండి. తత్కాల్ మీద బతకాలనుకోకండి. సంక్రాంతికి ముందూ వెనకా అసలు ప్రయాణమే పెట్టుకోవద్దు. హైదరాబాద్‌లో ఉన్న ఉత్తరాంధ్ర అంతా ఆ పది రోజుల్లో ఈ పట్టాల మీదే ఉంటుంది.

భువనేశ్వర్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, రైలే. విమానం కోసం ఉత్తరానికి వెళ్లాల్సినవాళ్లం 110 కిలోమీటర్లు దక్షిణానికి వెళ్లడమేమిటి? కారులో 330 కిలోమీటర్లు, ఆరు గంటలు. రైల్లో నాలుగున్నర నుంచి ఐదు. వందేభారత్ ఉంది కదా అంటే, ఆ బండి భువనేశ్వర్ వాళ్లకు విశాఖ చూపించడానికి వేసినట్టుంది టైమ్. సాయంత్రం మన దగ్గర ఎక్కితే రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో దింపుతుంది, తిరుగు బండి మర్నాడు తెల్లవారుజామున. మధ్యలో మీరు పని చేసుకోవాలంటే ఆఫీసు రాత్రిపూట తెరిచి ఉండాలి. పొద్దున వెళ్లి రాత్రికి రావాలంటే మామూలు ఎక్స్‌ప్రెస్‌లే చూసుకోండి.

హైదరాబాద్‌కు ఒక్కరోజు పనైతే విమానం, రెండ్రోజుల పనైతే రాత్రి రైలు. శంషాబాద్ నుంచి ఊళ్లోకి గంట కలిపినా విమానంలో ఆరున్నర గంటల్లో పూర్తవుతుంది, రైల్లో పద్నాలుగు దాకా పడుతుంది. విశాఖ–సికింద్రాబాద్ వందేభారత్ 2023 జనవరి 15న మొదలైంది, 699 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు. తర్వాత రెండోది కూడా వేశారు. మొదటి బండి తెల్లవారుజామున విశాఖలో కదులుతుంది, శ్రీకాకుళం నుంచి దాన్ని అందుకోవాలంటే రాత్రి రెండున్నరకు లేవాలి. రెండోది మధ్యాహ్నం బయలుదేరి రాత్రి పదకొండు దాటాక చేరుస్తుంది. అన్ని గంటలు కూర్చునే వెళ్లాలి కూడా. నా నడుముకు అది పడదు. మీ వయసుకు పడుతుందేమో.

విమానం లెక్కని మార్చేది భోగాపురం. అక్కడి అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. అది మనకు 60 కిలోమీటర్లు, గంట. విజయనగరం వాళ్లకు ముప్పావుగంట కూడా పట్టదు. ఊరు దాటే గంటన్నర మిగిలితే హైదరాబాద్ ఐదు గంటలు, విజయవాడ నాలుగున్నర. మా బావమరిది అప్పుడే "మన ఊరి విమానాశ్రయం" అంటున్నాడు. గాజువాకలో ఉండే స్నేహితుడు మాత్రం తిట్టుకుంటున్నాడు, ఆయనకిప్పుడు పావుగంట దూరంలో ఉన్నది రేపు యాభై కిలోమీటర్ల పైన అవుతుంది. టికెట్టు కొనేటప్పుడు విశాఖ పేరు కింద ఏ విమానాశ్రయం రాసి ఉందో తప్పకుండా చూసుకోండి.

బుల్లెట్ రైలు సంగతి అడిగారు. 2012లో కంపెనీ నన్ను మూడు వారాల ట్రైనింగుకు జపాన్‌లో కోబె పంపింది. ఆదివారం టోక్యో చూద్దామని షిన్-కోబె స్టేషన్‌కు వెళ్లాను. కొండ కింద, రెండు సొరంగాల మధ్య ఇరుకైన స్టేషన్ అది. బండి నిమిషం ఆగుతుంది. నేను పెట్టె నంబరు వెతుక్కునేలోపు తలుపులు మూసుకున్నాయి. ఆముదాలవలస మనిషిని కదా, 'ఏటైపోద్దిరా బాబూ, ఇంక రేపే' అనుకుని బెంచీ మీద కూలబడ్డాను. నాతో వచ్చిన జపాన్ ఇంజినీరు నా మొహం చూసి నవ్వి బోర్డు చూపించాడు. తర్వాతి బండి కొద్ది నిమిషాల్లో ఉంది. రిజర్వేషన్ పోయింది గానీ అదే టికెట్టుతో రిజర్వేషన్ లేని పెట్టెలో కూర్చోవచ్చు. టోక్యోకు రెండుంముప్పావు గంటలు. అంత వేగంతో వెళుతుంటే కిటికీలోంచి ఏముంటుందో చూడాలనుకున్నాను, సగం దారి సొరంగాలూ గోడలే. నాకు ఆ రోజు వేగం కన్నా ఎక్కువ నచ్చింది ఆ బోర్డు. బండి తప్పితే కంగారుపడాల్సిన అవసరం లేదంటే ఇంట్లోంచి గంట ముందు బయలుదేరక్కర్లేదు.

టోక్యో–ఒసాకా లైను 1964 అక్టోబరు 1న తెరిచారు, 515 కిలోమీటర్లు. మొదట్లో గంటకు 210 కిలోమీటర్లు, ఇప్పుడు 285. ఆ లైను మీద ఇన్నేళ్లలో రైళ్లు ఢీకొనో పట్టాలు తప్పో ఒక్క ప్రయాణికుడు కూడా చనిపోలేదు. కారణం, దానికి వేరే పట్టాలు. గూడ్సు బండి రాదు, లెవెల్ క్రాసింగు లేదు, గేదె అడ్డం రాదు. మన లైను మీద వందేభారత్, బొగ్గు గూడ్సు, ఇనుప ఖనిజం గూడ్సు, పలాస ప్యాసింజరు అన్నీ ఒకదాని వెనక ఒకటి వెళ్లాలి. అందుకే 160 పరిగెత్తగలిగేలా కట్టిన బండి విశాఖ–భువనేశ్వర్ మధ్య 443 కిలోమీటర్లకు ఐదుంముప్పావు గంటలు తీసుకుంటుంది. సగటున 77. బండిని మార్చినంత మాత్రాన వేగం రాదు. 160 నుంచి 320కి వెళ్లాలంటే గాలి నిరోధం నాలుగింతలు, దాన్ని నెట్టుకుపోవడానికి ఇంజనుకు కావలసిన పవర్ ఎనిమిదింతలు. ఆ వేగంలో బ్రేకు వేస్తే ఆగేసరికి కిలోమీటర్లు గడిచిపోతాయి. కాబట్టి వంపులు లేని కొత్త దారి, పక్కన కంచె, అంతా మొదటి నుంచి కట్టాలి. ముంబయి–అహ్మదాబాద్ 508 కిలోమీటర్లకు 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన చేశారు. దాన్ని బట్టి మన వంతు ఎప్పుడో మీరే ఊహించండి.

వస్తే ఏమవుతుందో చూడాలంటే తైవాన్‌ను చూడండి. తైపే నుంచి కవోష్యుంగ్ దాదాపు 350 కిలోమీటర్లు, అచ్చం విశాఖ–విజయవాడ దూరం. 2007లో అక్కడ హైస్పీడ్ రైలు వచ్చింది, వేగం బండి గంటన్నర పైచిలుకులో చేరుస్తుంది. కొన్నేళ్లలోనే ఆ రెండు ఊళ్ల మధ్య విమానాలు ఆగిపోయాయి. స్పెయిన్‌లో మాడ్రిడ్–బార్సిలోనా 621 కిలోమీటర్లు, 2008 నుంచి రెండున్నర గంటలు. ఫ్రాన్సు అయితే రెండున్నర గంటల్లో రైలు చేర్చే కొన్ని దూరాలకు దేశంలోపలి విమానాలనే 2021లో చట్టం పెట్టి 2023 నుంచి ఆపింది. అక్కడి జనం ఎక్కేది మాత్రం చట్టానికి భయపడి కాదు, పారిస్ నడిబొడ్డున ఎక్కి లియోన్ నడిబొడ్డున దిగవచ్చని.

అదే తైవాన్‌లో తైనాన్ లాంటి ఊళ్లకు హైస్పీడ్ స్టేషన్ ఊరి బయట కట్టారు. అక్కడివాళ్లు దిగాక లోకల్ రైలో బస్సో పట్టుకుని ఊళ్లోకి వెళ్లాలి. వినగానే నాకు ఆముదాలవలస గుర్తొచ్చింది. విశాఖ నుంచి విజయవాడకు గంటన్నరలో చేర్చే బుల్లెట్ రైలు రేపే వచ్చిందనుకుందాం. శ్రీకాకుళంలో ఉన్న మీకు విశాఖ స్టేషన్ చేరడానికి రెండుంముప్పావు, ముందు అరగంట, రైల్లో గంటన్నర, దిగాక అరగంట. ఐదుంపావు. ఇవాళ్టి విమానం కన్నా ముప్పావుగంట లాభం, భోగాపురం నుంచి విమానం కన్నా నష్టం. లక్షల కోట్లు పెట్టి మధ్య ముక్కని కుదిస్తారు, మన చివర ముక్క అలాగే ఉంటుంది. పలాస నుంచి విశాఖకు గంటకో మెము (కరెంటుతో నడిచే లోకల్ రైలు), ప్రతి బండికీ ఆముదాలవలస నుంచి శ్రీకాకుళం కాంప్లెక్స్‌కి ఒక బస్సు వేస్తే, మన జిల్లావాళ్లకు బుల్లెట్ రైలు కన్నా ఎక్కువ గంటలు మిగులుతాయి. ఆ ఫొటోలు మాత్రం ఎవరూ పేపర్లో వేయరు.

తుపానుల గురించి ఎవరూ అడగరు గానీ అక్టోబరు, నవంబరుల్లో మన వైపు తిరిగేవాడికి అది కూడా లెక్కే. 2014లో హుద్‌హుద్‌కు విశాఖ విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయి కొన్ని రోజులు మూతపడింది. 2018లో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు రైళ్లూ ఆగాయి, హైవే మీద చెట్లూ పడ్డాయి. అటువంటప్పుడు ముందు తెరుచుకునేది రోడ్డే. పొక్లెయిన్లు వచ్చి ఒక పక్క దారి చేస్తారు, ఆర్టీసీ బస్సు మెల్లగా దూరుతుంది. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో విమానం టికెట్టు ఉంటే మార్చేసుకోండి.

మీ పరిస్థితికి నేనైతే ఇలా చేస్తాను. మొదటి మూడు నెలలు కారు కొనను. విశాఖకు నాన్‌స్టాప్ బస్సు, ఇంట్లో పెద్దవాళ్లు వెంట ఉంటే వందేభారత్, సామాను ఎక్కువున్న రోజు అద్దె కారు. విజయవాడకు వెళ్లేటప్పుడు రాత్రి రైలు, మూడో ఏసీ, కింది బెర్తు దొరికితే మంచిది. తిరిగొచ్చేటప్పుడు పని అయిపోయిన టైమును బట్టి. హైదరాబాద్‌కు విమానం, ఆ డబ్బు ఆఫీసు ఇస్తే. భువనేశ్వర్‌కు ఎక్స్‌ప్రెస్. ఈ మూడు నెలలూ చిన్న నోటుబుక్కులో తాళం వేసిన టైమ్, తలుపు తోసిన టైమ్ రాసుకోండి. అద్దె కారుకు నెలకు పన్నెండు వేలు దాటుతుంటే అప్పుడు షోరూముకి వెళ్లండి.

ఇల్లు శ్రీకాకుళంలో ఎక్కడో మీరు రాయలేదు. కొత్తరోడ్డు దగ్గరైతే విశాఖ బస్సులు హైవే మీదే దొరుకుతాయి, కాంప్లెక్స్‌కి వెళ్లక్కర్లేదు, పావుగంట తగ్గించుకోండి. ఆముదాలవలస రోడ్డు వైపు అయితే నేను రైలుకు వేసిన లెక్కలో ఇరవై నిమిషాలు తీసేయండి, అప్పుడు బస్సుతో పోటీ దాదాపు సమానమవుతుంది. విజయవాడలో ఆఫీసు స్టేషన్ దగ్గరా, బెంజ్ సర్కిల్ వైపా అది కూడా చెప్పండి. నాలుగింటికి దింపే బండి ఎక్కాలా, ఆరింటికి దింపేది వెతకాలా అనేది దాన్నిబట్టి చెబుతాను.